గాజు రంగు ఫొటోలో మారితే...

చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో మెరిసే లాఖ్ గాజుల వెనుక ఎన్నో చేతుల కష్టముంది. బొగ్గుల వేడికి మెత్తబడిన లక్కను గుండ్రంగా చుట్టి, ఒక్కో నగీనానూ విడివిడిగా అద్దాలి. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే పేరు వచ్చినంత మాత్రాన కూలి పెరగదు కదా! దుకాణం మెట్లెక్కకుండా నేరుగా అమ్ముకోవాలంటే సరుకు కొనేవారి కంటపడాలి. అందుకు ఇంట్లో ఉన్న ఫోనే చాలు.

మా బంధువులమ్మాయి ఒకసారి రాత్రిపూట బల్బు కింద గులాబీ రంగు గాజులను ఫొటో తీసి పంపింది. పెళ్ళివారికి అవి నారింజ రంగులో కనిపించాయి. పార్సెల్ విప్పగానే “మేమడిగినవి ఇవి కావు” అంటూ ఆరు జతలూ తిప్పి పంపేశారు. రానుపోను ఖర్చంతా అమ్మాయి నెత్తినే పడింది. పనితనంలో లోపం లేదు, తప్పంతా వెలుతురుదే.

డజను గాజులనూ ఒక్కొక్కటిగా తీస్తూ కూర్చోనవసరం లేదు. పగటిపూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట తెల్లని చార్టు పరవండి. లైట్లు ఆర్పేయండి. రెండు రకాల వెలుతురు కలిస్తే రంగు చెడుతుంది. కిటికీకి ఎదురుగా థర్మోకోల్ ముక్క నిలబెడితే నీడ పలచబడుతుంది. తెల్లరాళ్ళ గాజులైతే తెల్ల చార్టులో కలిసిపోతాయి, వాటికి లేత బూడిదరంగు మేలు. వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలు పేర్చి, నడుమ రెండు వేళ్ళ సందు వదలండి. ఫోను మరీ దగ్గరగా పెడితే అంచున ఉన్న గాజులు సాగినట్లు వస్తాయి. కాస్త ఎత్తులో, చార్టుకు సమాంతరంగా పట్టుకోండి.

ఇక విడదీయడం. 12 మెగాపిక్సెల్ ఫొటోలో సుమారు 4000 చుక్కల పొడవు, 3000 చుక్కల వెడల్పు ఉంటాయి. పన్నెండు ముక్కలు చేసినా ఒక్కో గాజుకు వెయ్యేసి చుక్కలు దక్కుతాయి. ఫోనులో చూపడానికి అది చాలు. అసలు ఫొటోను అలాగే ఉంచి, నకలు మీద క్రాప్ చేసుకోండి. కంప్యూటర్‌లో ఈ పని తనంతట తానే చేసే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. అవి ఒకదానికొకటి అంటుకున్న చుక్కలన్నిటినీ ఒకే వస్తువుగా లెక్కిస్తాయి. రెండు గాజులు తాకాయో, ఒకటే అనుకుంటాయి! వెనుకభాగం తొలగించే యాప్‌లది మరో తిప్పలు. ఒక్కోసారి గాజు నడిమి ఖాళీని వదిలేస్తాయి, అది మీరే చెరపాలి.

ఫొటోలో కొలత తెలియదు గనుక 2.4, 2.6, 2.8 అన్న అంకెను ప్రతి బొమ్మ పేరులోనే వేసుకోండి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గదు. ఎక్కడైనా రాయి వంకరగా కూర్చుంటే అదీ దగ్గరగా తీసి ముందే చూపించండి. మా అమ్మాయి ఇప్పుడు అలాగే చేస్తోంది, బల్బు వెలుగులో మాత్రం ఫోను ముట్టుకోవడం లేదు.