బార్‌కోడు మార్చిన పాటల జాబితా

అమెరికాలో వారం వారం వెలువడే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలు, 1990ల నాటివి, ఈమధ్య వరసగా తిరగేశాను. 1991 దాకా మొదటి స్థానం తరచూ చేతులు మారేది. తర్వాత కొన్ని పాటలు అక్కడ ఎక్కి కూర్చుంటే దిగవు! 1992లో బాయ్జ్ టు మెన్ పాట 13 వారాలు, ఆ వెనకే విట్నీ హ్యూస్టన్ పాట 14 వారాలు.

జనం అభిరుచి మారిందనుకుంటాం. ముఖ్యంగా మారింది లెక్కపెట్టే పద్ధతి. అంతకుముందు ఏ పాట బాగా పోతోందో దుకాణాలవాళ్ళు చెప్పేవారు, ఏది వేస్తున్నామో రేడియోవాళ్ళు చెప్పేవారు. చెప్పేవాళ్ళ ఇష్టాయిష్టాలు, మొహమాటాలు అందులో కలిసేవి. 1991 నవంబరు 30 జాబితా నుంచి సౌండ్‌స్కాన్ వచ్చింది. గల్లాపెట్టె దగ్గర బార్‌కోడు చదివిన ప్రతిసారీ ఒక అమ్మకం నమోదయ్యేది. రేడియోలో వచ్చే పాటల్ని గుర్తుపట్టి లెక్కవేసే పని కంప్యూటర్లకు అప్పగించారు.

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. విడిగా సింగిల్‌గా అమ్మకానికి రాని పాటకు హాట్ 100లో చోటు లేదు. ఒక్క పాట కోసం సీడీ మొత్తం కొనిపించాలని కంపెనీలు సింగిల్ వెయ్యడం మానేసేవి. (నేనూ అలా కొన్నవాణ్ణే!) నో డౌట్ బృందం పాడిన 'డోంట్ స్పీక్' రేడియో జాబితాలో 16 వారాలు మొదటి స్థానంలో ఉంది, హాట్ 100లో ఎంత వెతికినా కనపడదు. 1998 డిసెంబరులో గానీ ఆ నియమం సడలించలేదు.

ఆనాటి పాటలు పోగుచేసుకునేవారు ఆ రేడియో జాబితాను కూడా పక్కన పెట్టుకోండి.