పేగులోని మఖమలు: విరేచనాలలో ఉప్పు, చక్కెర నీరు ఎందుకు?

కోయంబత్తూరు, మధురై నగరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు ఇండ్లలోను, ఇటీవల పనులకై వచ్చిన కుటుంబాలలోను, పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు “కడుపుకు విశ్రాంతి ఇవ్వాలి” అని నీరు, పాలు ఆపివేసే అలవాటు అక్కడక్కడ ఇంకా ఉన్నది. ఇది ప్రాణాపాయానికి దారితీయవచ్చు. కారణం పేగు లోపలి నిర్మాణంలోనే ఉన్నది.

పెద్దవారిలో చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు. దాని లోపలి తలం నున్నగా ఉండదు. మిల్లుల నగరమైన కోయంబత్తూరు వారికి పరిచితమైన మఖమలు గుడ్డపై నూగు వలె, అక్కడ ఒక మిల్లీమీటరు ఎత్తు మించని చూషకాలు లక్షల సంఖ్యలో నిలిచి ఉంటాయి. వాటిని కప్పియున్న కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే, ప్రతి కణపు పైపొర వేలాది సన్నని వేళ్లవలె పొడుచుకొని కనిపిస్తుంది. ఇవి సూక్ష్మచూషకాలు, ఒక్కొక్కదాని ఎత్తు మిల్లీమీటరులో వెయ్యోవంతు మాత్రమే. ఈ మడతలన్నింటి వలన పేగు లోపలి వైశాల్యం సుమారు 30 చదరపు మీటర్లకు పెరుగుతుంది. పాలలోని చక్కెరను విడగొట్టే లాక్టేజ్ కూడా ఈ పొరలోనే ఉంటుంది.

ఈ పొర దెబ్బతింటే తిన్నది ఒంటికి పట్టదు. స్ప్రూ అనే వ్యాధిలో చూషకాలు అరిగి మొద్దుబారుతాయి. 1895లో భీమవరంలో జన్మించిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరు ఈ వ్యాధితోనే మరణించారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ చికిత్సలో అది ఎంతో ఉపకరించింది.

విరేచనాలలో మరొక సంగతి ముఖ్యమైనది. కొవ్వుతో ఏర్పడిన ఈ పొర గుండా ఉప్పు, చక్కెర నేరుగా పోలేవు. వాటికి ప్రోటీన్లతో అమరిన ద్వారాలున్నాయి. అందులో ఒక ద్వారం ఉప్పులోని సోడియంను, గ్లూకోజును జతగా మాత్రమే లోపలికి తీసుకొంటుంది. వాటి వెంట నీరు చేరుతుంది. ఈ సంగతిని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించారు. కలరా వంటి వ్యాధిలో నీరు ధారగా పోతున్నప్పటికీ ఈ ద్వారం మూతపడదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి వేలమందిని కాపాడారు. నేటి ఓఆర్‌ఎస్‌కు ఆధారం ఇదే.

కనుక విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దానిపై వ్రాసినంత శుభ్రమైన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా, మాటిమాటికి త్రాగించాలి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం దొరకనప్పుడు, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్న టీచెంచా అంచుకు సమంగా 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపవచ్చు. ఈ కొలత తప్పరాదు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని. తీపి మితిమీరిన శీతల పానీయాలు పేగులోనికే నీటిని లాగి విరేచనాలను పెంచుతాయి.

తల్లిపాలు, ఆహారం ఆపరాదు. పేగు కణాలు మూడు నుండి అయిదు రోజులకొకసారి క్రొత్తవి పుడతాయి. వాటికి పోషణ కావాలి. వైద్యుల సలహాతో జింకు మాత్రలు 14 రోజులు ఇవ్వాలి.

కళ్లు లోతుకు పోవడం, మూత్రం తగ్గడం, మలంలో రక్తం, త్రాగలేకపోవడం, మగతగా ఉండడం కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. అవసరమైతే 108కు ఫోన్ చేయాలి.