డిస్కు మొరాయించినా... ఫొటోలు అక్కడే!

గుత్తి కోట మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. కింద ఊళ్లో ఓ ఫొటో స్టూడియో అనుకోండి. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. చివరికి కంప్యూటర్ వెలిగేసరికి పెళ్లి ఫొటోలున్న డిస్కు తెరుచుకోదు. ‘ఫార్మాట్ చేయాలా?’ అని తెరమీద ఓ ప్రశ్న. బయట పెళ్లికూతురి తండ్రి ఆల్బమ్ కోసం కూర్చునున్నాడు. కంగారులో ‘సరే’ అని నొక్కారో... ఉన్న కష్టం రెట్టింపవుతుంది.

నిజానికి ఫొటోలు చాలావరకు డిస్కులోనే ఉంటాయి. చెడింది వాటి చిట్టా. ఏ ఫొటో ఏయే గడుల్లో ఉందో రాసిపెట్టుకునే ఆ పద్దుల పుస్తకమే ఫైల్ సిస్టమ్. రాస్తుండగా కరెంటు పోతే లెక్క తప్పుతుంది. కెమెరా కార్డుల్లో కనిపించే ‘ఫ్యాట్’ పద్ధతిలో ఆ పట్టికకు మామూలుగా రెండు ప్రతులుంటాయి. పాతకాలపు కరణంగారి జాగ్రత్తన్నమాట!

ఇంతకన్నా ఘోరమైన స్థితి నుంచి బయటపడ్డ డిస్కు ఒకటుంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక కూలి కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. శిథిలాల్లో ఓ డిస్కు దొరికింది. జినాన్ వాయువు మీద చేసిన ప్రయోగం వివరాలున్నాయందులో. పైభాగాలు కాలి కమిలిపోయినా లోపలి పళ్లేలు వంకర పోలేదు. అమెరికాలోని క్రోల్ ఆన్‌ట్రాక్ నిపుణులు వాటిని శుభ్రం చేసి, కొత్త డిస్కులో అమర్చి చదివారు. దాదాపు 99 శాతం సమాచారం వచ్చింది! డాస్ పద్ధతి దాన్ని చెల్లాచెదురు చేయకుండా ఒకచోటే రాయడం కలిసొచ్చింది. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి కూడా.

మరి గుత్తి స్టూడియో సంగతి? డిస్కు టిక్కుటిక్కుమంటుంటే వెంటనే ఆపేయాలి. లోపలి ముల్లు పళ్లేన్ని గీకేస్తుండొచ్చు. అలాంటిదాన్ని దుమ్ములో మూత విప్పి చూడటమంత తెలివితక్కువ పని మరోటి లేదు. శబ్దం లేకపోతే ముందు మొత్తం డిస్కుకు వేరే డిస్కులో నకలు తీయాలి. ‘డీడీ రెస్క్యూ’ అనే ఉచిత ప్రోగ్రామ్ బాగున్న భాగాలను ముందు చదివి, మొండికేసిన చోట్లకు తర్వాత వస్తుంది. మరమ్మతులన్నీ ఆ నకలు మీదే.

చిట్టా అసలే దొరక్కపోతే ‘ఫొటోరెక్’ ఉంది. ఫొటో ఫైలు మొదట్లో ఉండే గుర్తును పట్టుకుని ఒక్కొక్కటే వెలికితీస్తుంది. కాకపోతే పాత పేర్లు రావు. ఏది ఏ పెళ్లో ముఖాలు చూసి ఏరుకోవాలి. పెళ్లికూతురి తండ్రిని ఇంకో రెండ్రోజులు ఆగమనక తప్పదు.