యంత్రం కంటే ముందు మిద్దె

బహదూర్‌పురాకు ఒక పక్క నెహ్రూ జంతు ప్రదర్శనశాల చెట్లు, ఆ చెంతనే 1806లో పూర్తయిన మీర్ ఆలం చెరువు. ఇంత పచ్చదనమూ ఇంత నీరూ దగ్గరలోనే ఉన్నా, మే నెలలో రాత్రి పదకొండు దాటినా ఇక్కడి పైఅంతస్తు గదులు కొలిమిలా ఉంటాయి. కారణం మన తలపైనే ఉంది. అరవై, ఎనభై గజాల స్థలంలో రెండు మూడు అంతస్తులు లేపిన ఇళ్ళు ఈ గల్లీల్లో ఎక్కువ. పక్కగోడలు పొరుగింటి గోడలకు ఆనుకొని ఉండడం వల్ల వాటికి ఎండ అంతగా తగలదు. ఎండనంతా మోసేది స్లాబే. పగలంతా పీల్చుకున్న వేడిని అది సాయంత్రం నుంచి తెల్లవారుజాము వరకు గదిలోకి దింపుతూ ఉంటుంది. సిమెంటు రేకుల కప్పయితే అంత ఆలస్యం కూడా చేయదు, మధ్యాహ్నమే దింపుతుంది.

అయినా వేసవి రాగానే ఇళ్ళలో జరిగే చర్చంతా యంత్రం గురించే. కూలరు మార్చాలా, ఏసీని వాయిదాల మీద తీసుకోవాలా అని. ఈ వరుసను తలకిందులు చేయమని మేము కోరుతున్నాం. ముందు మిద్దె, తరువాత గాలికి దారి, ఆపైన ఫ్యాను, కూలరు. ఏసీ చిట్టచివర.

డబ్బు లెక్క చూసినా ఇదే తేలుతుంది. గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు రావడం లేదు. ఆ గీత దాటిన నెల మొత్తం బిల్లు కట్టవలసిందే. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ తింటుందనుకున్నా, రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు 240 యూనిట్లు అవుతాయి. అంటే ఆ ఒక్క వస్తువే గీత దాటిస్తుంది. 200 వాట్ల కూలరు రోజుకు పది గంటలు నడిచినా నెలకు 60 యూనిట్లే. 75 వాట్ల పాత సీలింగు ఫ్యాన్లు మూడు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే 81 యూనిట్లు. వాటి స్థానంలో సుమారు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే ఆ ఖర్చు 32 యూనిట్లకు దిగుతుంది. పాత ఫ్యాను మెల్లగా తిరుగుతోందని పారేయకండి. చాలాసార్లు మెకానిక్కులు కండెన్సర్ అని పిలిచే చిన్న డబ్బీ మారిస్తే సరిపోతుంది.

ఇక మిద్దె సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్ళకు ఎండను తిప్పికొట్టే పైకప్పు తప్పనిసరి చేసింది. అంతకంటే చిన్న ఇళ్ళకు అది ఐచ్ఛికం. అసలు వేడికి ఉడికేది చిన్న ఇళ్ళే కాబట్టి, ఆ పని మనంతట మనమే చేసుకోవాలి. ఈ విధానానికి ముందే, 2017లో, నగరంలోని దేవరకొండ బస్తీలో పేద కుటుంబాల ఇళ్ళ పైకప్పుల మీద తెల్లని పొర పరిచి పరీక్షించారు. లోపలి గాలి సగటున 2 డిగ్రీలు చల్లబడింది. రెండు డిగ్రీలు చిన్నవిగా కనిపించవచ్చు. కంటి మీద కునుకు పడడానికీ పడకపోవడానికీ మధ్య తేడా ఒక్కోసారి అంతే.

రమజాన్‌కు ముందు ఇంటికి సున్నమో రంగో వేయించడం చాలా కుటుంబాల్లో ఆనవాయితీ. 2019లో మే నెలలో వచ్చిన రమజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, ఇప్పుడు ఎండలు ముదరకముందే వస్తోంది. కనుక ఆ బకెట్టును అలాగే మిద్దె మీదికి తీసుకెళ్ళడమే! ముందు స్లాబును ఊడ్చి, కడిగి, పగుళ్ళు పూడ్చి, పూర్తిగా ఆరనివ్వాలి. సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేస్తే ఖర్చు తక్కువ. కానీ వానలకు కరిగిపోతుంది, మళ్ళీ ఏడాది తిరిగి వేయాలి. మిద్దె కోసమే తయారయ్యే తెల్లని రంగు ఖరీదైనా కొన్నేళ్ళు నిలుస్తుంది. ఏది వేసినా దుమ్ము పేరుకుంటే ఫలితం తగ్గుతుంది, వేసవిలో అప్పుడప్పుడు ఊడ్వాలి. సున్నం కళ్ళకు ప్రమాదం. వేసేటప్పుడు పిల్లలను పైకి రానివ్వకండి.

కూలరు విషయంలో మేము తరచూ చూసే ఇబ్బంది ఒకటుంది. పరదా కోసం కింది అంతస్తు కిటికీలు మూసి ఉంచుతారు. మూసిన గదిలో కూలరు చల్లదనం ఇవ్వదు, చెమ్మనే నింపుతుంది. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకోవడమే దాని పని. ఆ తడిగాలి బయటికి పోవాలి. కూలరును కిటికీ బయటి వైపు అమర్చి, ఎదురుగోడన పైనున్న రోషన్‌దాన్ తెరిస్తే పరదాకూ భంగం లేదు, గాలికీ దారి దొరుకుతుంది. పాత దేవిడీలలో ఎత్తైన కప్పు కింద రోషన్‌దాన్లు పెట్టింది అలంకారం కోసం కాదు. కొత్తగా కట్టేవారు వాటిని ఎందుకు వదిలేస్తున్నారో మాకు అంతుబట్టదు. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో బాగా పనిచేసే కూలరు జూన్‌లో వానలు మొదలయ్యాక వెనుకబడుతుంది. అది చెడిపోయిందనుకొని మెకానిక్కును పిలవనక్కర్లేదు. ఆ రోజుల్లో మోటారు ఆపి, ఫ్యాను మాత్రం నడపండి.

బోరు నీటి ఉప్పు గడ్డి మీద గట్టిపడితే గాలి ఆడదు, ఏటా గడ్డి మార్చాలి. తొట్టి నీటిని వారానికి ఒకసారి పూర్తిగా పారబోసి, అంచులను రుద్ది కడగాలి. డెంగీ దోమ గుడ్లు ఆ అంచులకే అంటుకొని ఉంటాయి. పారబోసే నీటిని మోరీలోకి వదలకుండా వాకిలి కడిగితే దుబారా కాదు. ఇనుప కూలరుకు ఎర్తింగ్ లేకపోతే వాడనే వాడకండి. నీరు పోసే ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీయాలి. నానమ్మ చెప్పిందని తడిచేత్తో కూలరు తిప్పడానికి పరుగెత్తే పిల్లవాడికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

ఏసీ ఉన్నవారు 24 డిగ్రీల దగ్గర పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోవాలి. రెండు వారాలకోసారి జాలీ కడగాలి. బయటి యూనిట్ వేడిగాలి ఇరుకు గల్లీలో ఎదురింటి కిటికీలోకే కొడుతుంది. పొరుగువారి హక్కు గురించి మనకు కొత్తగా చెప్పవలసింది లేదు, బిగించేటప్పుడే మిద్దె మీదికి మార్పించండి.

పైగదిలో ఎవరు పడుకుంటున్నారో కూడా చూసుకోవాలి. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను వడగాలినే విసురుతుంది. వృద్ధులు, పసిపిల్లలు, బాలింతలు మధ్యాహ్నం కింది అంతస్తులో ఉండాలి. గది తమదని యువకులు పట్టుబట్టకూడదు. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. తడిగుడ్డలతో ఒళ్ళు తుడుస్తూ, గాలి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయకూడదు.

చలికాలం మనకు కొన్ని వారాలే. ఆ కొన్ని వారాల్లోనూ బొగ్గుల అంగీఠీని మూసిన గదిలో పెట్టుకొని నిద్రపోవద్దు. దాని విషవాయువుకు వాసన ఉండదు. కిటికీ లేని స్నానాల గదిలో గ్యాసు గీజరుదీ అదే ప్రమాదం.

చివరగా యజమానులకు ఒక మాట. పైఅంతస్తులో అద్దెకుండేవారికి మిద్దె మీద హక్కు ఉండదు, ఎండ మాత్రం వారిదే. అద్దె పెంచే నెలలోనైనా రెండు పూతల తెల్లరంగు మీ ఖర్చుతో వేయించండి. అనుమతి అడిగే అద్దెదారుకు మిద్దె తాళంచెవి ఇవ్వండి.