ఛప్రి: కులం పేరెత్తకుండా తిట్టే తిట్టు

రంగేసిన జుట్టు, బిగుతు జీన్స్, స్పోర్ట్స్ బైక్, రీల్ కోసం రోడ్డు పక్కన ఒక స్టెప్పు. ఇలాంటి కుర్రాడి వీడియో కింద కామెంట్లలో వరసగా కనిపించే మాట ‘ఛప్రి’. హిందీ మీమ్స్ నుంచి వచ్చి ఇప్పుడు మన మీమ్ పేజీల్లోనూ కాలేజీ క్యాంటీన్లలోనూ తిరుగుతోంది.

ఎక్కడిదీ మాట?

ఛప్పర్ అంటే గడ్డితో, ఆకులతో కప్పిన గుడిసె కప్పు. ఆ కప్పులు వేసి బతికిన సమాజానికి ఛప్పర్‌బంద్ అని పేరు. బ్రిటిష్ ప్రభుత్వం వాళ్లకు ‘నేరస్థ తెగ’ ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో రద్దయింది. మహారాష్ట్రలో వాళ్లు నేటికీ విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. తిట్టుకు మూలం ఈ పేరేనని చాలామంది చెబుతారు. మూలం ఏదైనా, గుడిసెలో పుట్టినవాడి మీదే ఈ మాట పడుతోంది.

కుర్రకారు ప్రతి గుంపుకూ సొంత స్లాంగ్ ఉంటుంది. ‘హౌ’, ‘నక్కో’, ‘కైకు’ లాంటి దక్కనీ మాటలు హైదరాబాద్ బస్తీల్లో ఉర్దూ, తెలుగు పిల్లలను ఒకే అరుగు మీద కూర్చోబెట్టాయి. ‘ఛప్రి’ మాత్రం మనుషుల్ని దూరం పెట్టడానికే పుట్టింది. అదే జుట్టు రంగు సినిమా హీరో వేసుకుంటే స్టైల్, బస్తీ కుర్రాడు వేసుకుంటే ఛప్రి. క్యాంపస్‌లో ‘కోటా బ్యాచ్’ అనే మాటా ఇలాంటిదే. కులం పేరు ఎవరూ ఎత్తరు, అందరికీ అర్థమవుతుంది.

చట్టం ఎంతవరకు?

అవమానించే ఉద్దేశంతో నలుగురిలో ‘చమార్’ అని పిలవడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమేనని 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కులం పేరుతో దూషించడాన్ని 2015 సవరణ ప్రత్యేక నేరంగా చేర్చింది. కులం పేరు పలకకుండా కులం పని చేసే మాటను మాత్రం ఈ చట్టంతో పట్టుకోవడం కష్టం.

తిట్టే జెండా అయితే

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం, తిట్టుగా వాడిన కులం పేరునే ఇంటిపేరంత గౌరవంగా నిలబెట్టింది. నాయకులు తమ పేర్ల చివర ‘మాదిగ’ అని రాసుకున్నారు. పంజాబ్‌లో జలంధర్ గాయని గిన్నీ మాహీ ‘డేంజర్ చమార్’ అని పాడి అదే పని చేసింది. క్యాంపస్‌లో ‘జై భీమ్’ అని పలకరించుకోవడం కూడా గుంపు భాషే. అది ఎవరినీ తక్కువ చేయదు, ఒంటరిగా వచ్చిన పిల్లకు తోడు దొరికిందని చెబుతుంది.

అయితే తిట్టును తిరిగి తీసుకునే హక్కు తిట్టు తిన్నవాళ్లదే. ‘వాళ్లే అనుకుంటున్నారుగా’ అంటూ ఇతరులు వాడటం కుదరదు. ‘ఛప్రి’ని ఏం చేయాలో ఆ మాట పడ్డవాళ్లు తేల్చుకుంటారు. మిగతావాళ్లు నోరు జారే ముందు ఒక్కటి అడుగుదాం: ఇదే జుట్టుతో, ఇదే బైక్ మీద గేటెడ్ కమ్యూనిటీ కుర్రాడు వస్తే ఈ మాట అంటామా?