ఆవిరి మనిషి: ఒక పాత నవలపై పాఠకుల తీర్పులు

పార్సిప్పనీలో మొదలై తూర్పుకు సాగే 280 రహదారి నెవార్క్ నగరం మీదుగా పోతుంది. ‘స్టీమ్‌పంక్’ అని నేడు పిలిచే సాహిత్యపు మూలాలలో ఒకటి ఆ నగరంలోనే ఉంది. 1868 మార్చి 24న నెవార్క్‌కు చెందిన జాడక్ డెడరిక్, ఐజాక్ గ్రాస్ అనే ఇద్దరు ఆవిరితో నడిచే మనిషి ఆకారపు యంత్రానికి పేటెంటు పొందారు. దాని ఎత్తు 7 అడుగుల 9 అంగుళాలు, బరువు 500 పౌన్లు; మొండెంలో బాయిలరు. వీధిలో గుర్రాలు బెదరకుండా దానికి మనుషుల దుస్తులు తొడిగారని నాటి పత్రికలు రాశాయి.

అదే సంవత్సరం ఆగస్టులో ఎడ్వర్డ్ ఎస్. ఎల్లిస్ రాసిన ‘ది స్టీమ్ మ్యాన్ ఆఫ్ ది ప్రెయిరీస్’ వెలువడింది. ఎల్లిస్ ఆ తరువాత ఇదే రాష్ట్రపు రాజధాని ట్రెంటన్‌లో పాఠశాలల అధికారిగా పనిచేశాడు. నవలలో సెయింట్ లూయీకి చెందిన జానీ బ్రెయినర్డ్ అనే గూని, పొట్టి బాలుడు తల్లి ఇచ్చిన ఆలోచనతో పది అడుగుల ఆవిరి మనిషిని తయారుచేస్తాడు. దాని టోపీయే పొగగొట్టం. దానిచేత బండి లాగిస్తూ, ముగ్గురు తోడుగాళ్ళతో బంగారం కోసం పడమటి మైదానాలకు పోతాడు.

నాటి పాఠకుల తీర్పును పునర్ముద్రణలలోను, అనుకరణలలోను చూడవచ్చు. నవల వేరే పేర్లతో మళ్ళీ మళ్ళీ అచ్చయింది. 1876లో హ్యారీ ఎంటన్ ఇదే ఊహతో ఫ్రాంక్ రీడ్ కథలు ప్రారంభించాడు. అచ్చంగా కొత్త యంత్రాల మీదే నడిచే సాహస కథల పరంపర అలా మొదలైంది. ‘స్టీమ్‌పంక్’ అన్న పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1987లో కె. డబ్ల్యు. జెటర్ ‘లోకస్’ పత్రికకు రాసిన లేఖలో పుట్టింది. కనుక ఎల్లిస్ నవలకు ఆ పేరు తరువాతి తరాలు తగిలించినదే.

నేటి పాఠకుల అభిప్రాయాలు ప్రధానంగా మూడు తీరులుగా కనిపిస్తాయి. మొదటిది యంత్రం పట్ల ముచ్చట. ఖండాన్ని దాటే రైలుమార్గం 1869లో గాని పూర్తికాలేదు. పట్టాలు లేకుండానే మైదానం మీద పరుగెత్తే ఆవిరి ఆనాటికి ఎంతటి కలో ఊహించుకోవచ్చు. అయితే యంత్రాన్ని పక్కన పెడితే మిగిలేది మామూలు వేట, ముట్టడి కథేనని ఈ పాఠకులే ఒప్పుకుంటారు.

రెండవది జానీని గురించిన చర్చ. వికలాంగుడైన బాలుడు కథానాయకుడు కావడం కొందరికి నచ్చుతుంది. అసాధారణ మేధ ఉంటేనే అతనికి గౌరవం దక్కింది కదా అన్నది మరికొందరి అభ్యంతరం. వైద్యదృష్టితో చూస్తే ఆ అభ్యంతరానికి బలముంది. వెన్ను తీవ్రంగా వంగినప్పుడు ఊపిరితిత్తులకు చోటు తగ్గి ఆయాసం రావడం సహజం. జానీ మాత్రం సుదీర్ఘ ప్రయాణాలు చేస్తాడు. రచయిత అతని దేహాన్ని చూడలేదు. దానికి బదులుగా పది అడుగుల ఇనుప దేహాన్ని ఇచ్చాడు.

మూడవది, అన్నిటికంటె బరువైనది, హింసను గురించినది. చివర కనుమలో తమను చుట్టుముట్టిన ఆదివాసుల మీదికి జానీ బాయిలరును మితిమీరి మరిగించిన ఆవిరి మనిషిని తోలుతాడు. అది పేలి అనేకులు చస్తారు. పుస్తకం దీన్ని ఉపాయంగానే మెచ్చుకుంటుంది. అది ఆ కాలపు ధోరణి అని సరిపెట్టుకునే పాఠకులు ఉన్నారు.

భారతీయ పాఠకులకు అలా సరిపెట్టుకోవడం అంత సులభం కాదు. 1880లో జూల్ వెర్న్ ‘ది స్టీమ్ హౌస్’గా ఇంగ్లీషులోకి వచ్చిన నవలలో ఆవిరి ఏనుగును ఉత్తర భారతంలో నడిపించాడు. 1857 తిరుగుబాటు తరువాతి కథ అది. అందులో ప్రతినాయకుడు నానా సాహెబ్. చివర అతన్ని ఆ ఏనుగు మెడకు కట్టివేస్తారు. బాయిలరు పేలుతుంది. రెండు కథలలోను యంత్రం ఆగంతకులది, పేలుడుకు గురయ్యేది స్థానికులు. రెండవ కథలో మనసు ఎటు మొగ్గుతుందో గమనించిన పాఠకుడు మొదటి కథను మునుపటిలా చదవలేడు.

పార్సిప్పనీ అన్న పేరు సైతం లెనాపే ఆదివాసుల మాట నుండి వచ్చినదే. ఆ పేరును రోజూ చిరునామాలో రాసుకునేవారు ఈ నవలను మానుకోనక్కరలేదు. యంత్రాన్ని చూసి ముచ్చటపడవచ్చు. అది ఎవరి మధ్య పేలిందో కూడా చూడాలి.