గుర్రానికి కళ్ళెం మార్చే ముందు నోరు చూడండి

మేముండేది రువైస్‌లో. అబుదాబి నగరానికి పడమరగా సుమారు 240 కిలోమీటర్ల దూరంలో, చమురు కంపెనీ ఉద్యోగుల కోసం కట్టిన ఊరు. మా పాపకు పదకొండేళ్లు. ఏడాదిగా శనివారాల్లో గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. గల్ఫ్‌లో మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ క్లాసులకు వెళ్తున్నారు కాబట్టి, మాకు ఎదురైన ఒక విషయం, దాని వల్ల నేను చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

పాప ఎక్కే బూడిదరంగు గుర్రం చాలా నెమ్మదైనది. నాలుగు నెలల కిందట ఉన్నట్టుండి తల ఎగరేయడం మొదలుపెట్టింది. పగ్గం కాస్త బిగిస్తే చాలు, నోరు తెరిచి తల పక్కకు వాల్చేది. ఒకసారి పాప జారి ఇసుకలో పడింది, దేవుడి దయ వల్ల దెబ్బ తగల్లేదు. "ఇది మొండికేస్తోంది, గట్టి బిట్ వేద్దాం" అన్నారు నేర్పేవాళ్లు. రెండు క్లాసులు అలాగే జరిగాయి. తల ఎగరేయడం ఇంకా ఎక్కువైంది.

అక్కడ గుర్రాల్ని చూసుకునే పెద్దాయన ఒకరున్నారు. మాది హనుమకొండ కాబట్టి వచ్చీరాని ఉర్దూలో ఆయనతో మాట్లాడతాను. "బేటీ, ముందు పళ్లు చూపించమని చెప్పు" అన్నారాయన. డాక్టర్ వచ్చి చూస్తే, దవడ పళ్ల అంచులు కత్తుల్లా పదునెక్కి చెంప లోపల పుండు పడి ఉంది. పళ్లు అరగదీసి, పుండు మానేదాకా స్వారీ ఆపమన్నారు. ఇంటికి వస్తూ కారులో పాప అడిగింది: "అమ్మా, నేను లాగినప్పుడల్లా దానికి నొప్పేసిందా?" అవుననే చెప్పాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

నోట్లో ఖాళీ ఎక్కడుంది?

మనం మొత్తాన్ని కలిపి కళ్ళెం అంటాం కానీ అందులో మూడు భాగాలుంటాయి. తలకు కట్టే తోలు పట్టీలు, చేతిలో ఉండే పగ్గాలు, నోట్లో ఉండే లోహపు కడ్డీ. ఈ కడ్డీనే బిట్ అంటారు.

నేను డిగ్రీలో బీజెడ్‌సీ చదివాను. జువాలజీ ల్యాబ్‌లో పుర్రెలు చూసినా, గుర్రం నోరు ఇంత చిత్రంగా ఉంటుందని అప్పుడు పట్టించుకోలేదు. ముందు గడ్డి కొరికే పళ్లు పైన ఆరు, కింద ఆరు. చాలా వెనక నమిలే పళ్లు. రెండింటి మధ్య పళ్లు లేని చిగురు భాగం ఉంటుంది. బిట్ కూర్చునేది అక్కడే. కింది దవడలో ఆ చోట ఎముక మీద పల్చటి చర్మం మాత్రమే ఉంటుంది, కండ ఉండదు. మన మోకాలి కింద ఎముక మీద కొడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ ఖాళీని కూడా నాలుకే దాదాపు నింపేసి ఉంటుంది. అంటే బిట్ బరువు మొదట పడేది నాలుక మీదే.

ఇంకో సంగతి. కొన్ని గుర్రాలకు నమిలే పళ్లకు ముందు చిన్న పన్ను ఒకటి వస్తుంది. ఇంగ్లిష్‌లో వుల్ఫ్ టూత్ అంటారు. దానితో నమిలే పనేమీ లేదు కానీ బిట్ తగిలితే నొప్పి. అందుకే చాలాచోట్ల శిక్షణకు ముందే దాన్ని తీయిస్తారు. రెండున్నరేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. సరిగ్గా చాలా గుర్రాలకు శిక్షణ మొదలయ్యే వయసు అదే. ఆ తర్వాత కూడా పళ్లు అరుగుతూ, చిగురులోంచి పైకి వస్తూనే ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే పై పళ్లకు చెంప వైపు, కింది పళ్లకు నాలుక వైపు అంచులు పదునెక్కుతాయి. అందుకే ఏడాదికి ఒకసారైనా డాక్టర్ చూడాలి.

ఏది మెత్తన, ఏది కఠినం?

బిట్‌లలో ముఖ్యంగా రెండు జాతులు. మొదటిది స్నాఫిల్. పగ్గం నేరుగా కడ్డీ చివరి రింగుకే తగిలించి ఉంటుంది కాబట్టి చేత్తో ఎంత లాగితే నోట్లో అంతే తెలుస్తుంది. కొత్త గుర్రానికైనా కొత్త పిల్లలకైనా సాధారణంగా దీనితోనే మొదలుపెడతారు.

రెండోది కర్బ్. దీనికి రెండు పక్కలా నిలువు కాడలు, గడ్డం కింద ఒక గొలుసు ఉంటాయి. పగ్గం కాడ అడుగున కడతారు. ఇది మనం బడిలో చదివిన తులాదండం లెక్కే. కడ్డీకి పైన కాడ 5 సెంటీమీటర్లు, కింద 10 సెంటీమీటర్లు ఉందనుకోండి. పగ్గాన్ని ఒక కిలో బలంతో లాగితే గడ్డం కింద గొలుసు దగ్గర సుమారు రెండు కిలోలు, నోట్లో సుమారు మూడు కిలోలు పడుతుంది. అనుభవం ఉన్న చేతిలో దీనితో వేలి కదలికంత సైగ సరిపోతుంది. బ్యాలెన్స్ కోసం పగ్గాన్ని పట్టుకుని వేలాడే పిల్లల చేతిలో మాత్రం ఇది శిక్షే.

కడ్డీ మందం కూడా చూడాలి. బలం అంతే ఉన్నా అది పడే చోటు తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది. సన్నటి తాడుతో నీళ్ల బిందె మోస్తే చెయ్యి కోసుకున్నట్టు, సన్నటి కడ్డీ ఎక్కువ గుచ్చుకుంటుంది. అలాగని లావుదే మంచిదని కొనేయకండి. అరబ్బీ గుర్రాల్లాంటి చిన్న ముఖం ఉన్నవాటి నోట్లో నాలుకకే చోటు చాలదు, ఇక లావు కడ్డీ ఎక్కడ పడుతుంది? 14 నుంచి 18 మిల్లీమీటర్ల మధ్య, ఆ గుర్రం నోటిని బట్టి ఎంచుకోవాలి.

పొడవు కొలవడానికి ఒక దారం చాలు. రెండు పెదవుల మూలల మధ్య దారం పెట్టి ముడులు వేసి కొలవండి. దానికి రెండు పక్కలా అర సెంటీమీటరు చొప్పున కలపండి. తక్కువైతే పెదవిని నొక్కుతుంది, ఎక్కువైతే అటూ ఇటూ జారుతూ రాసుకుంటుంది. చాలా గుర్రాలకు ఐదు అంగుళాలకు అటూ ఇటూగా సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టదు, కడగడం తేలిక. గరుకు తేలినవి, కీలు దగ్గర అరిగినవి పారేయాల్సిందే.

అలవాటు చేయడం ఎలా?

మొదట పళ్ల పరీక్ష. తర్వాత కొన్ని రోజులు బిట్ లేకుండానే నోటి మూల దగ్గర, పళ్లు లేని చోట బొటనవేలు పెట్టి నోరు తెరవడం నేర్పాలి. చెవులు, తల ముట్టుకోనివ్వడం కూడా అప్పుడే అలవాటవుతుంది.

ఆ తర్వాత పగ్గాలు లేకుండా బిట్ ఒక్కటే. మా పెద్దాయన కడ్డీకి కాస్త ఖర్జూరం పాకం రాస్తారు. మన దగ్గరైతే బెల్లం పాకం రాసినా సరే. పళ్లకు టంగున తగలకుండా మెల్లగా జారవిడవాలి, తీసేటప్పుడు లాగకుండా గుర్రమే వదిలేదాకా ఆగాలి. మొదటిరోజు ఐదు, పది నిమిషాలు చాలు. రోజురోజుకూ కాస్త పెంచాలి. ఆ సమయంలో ఒంటరిగా వదలకూడదు, బిట్‌కు తాడు కట్టి ఎక్కడా కట్టేయకూడదు. బెదిరి వెనక్కి లాగితే దవడే దెబ్బతింటుంది.

మన ఎండల్లో ఇంకో జాగ్రత్త. జూలైలో కారు సీటు బెల్టు బకిల్ ఎలా కాలుతుందో మనకు తెలుసు కదా. ఎండలో వేలాడదీసిన బిట్ కూడా అంతే. నీళ్లతో కడిగి, మన అరచేతిలో పట్టుకుని చూశాకే నోట్లో పెట్టాలి.

నోట్లో పెట్టుకుని ప్రశాంతంగా ఉంటే అప్పుడు పగ్గాలు తగిలించి, కింద నడుస్తూ నేర్పాలి. కుడి పగ్గం మెల్లగా నొక్కి పట్టి, తల రవ్వంత కుడికి తిప్పగానే వెంటనే వదిలేయాలి. గుర్రం నేర్చుకునేది ఆ వదిలేయడం వల్లే. తిప్పినా వదలకపోతే, తిప్పడం వల్ల లాభం లేదనే నేర్చుకుంటుంది. ఇది బాగా వచ్చాకే మనిషి ఎక్కడం.

తల ఎగరేయడం, నోరు తెరవడం, నాలుక బయటపెట్టడం, కళ్ళెం చూడగానే తల పైకెత్తి తప్పించుకోవడం, నురగలో రక్తపు చార కనిపించడం లాంటివి ఏవి ఉన్నా బిట్ మార్చే ముందు పళ్లు, కొలత, ముక్కుపట్టీ బిగువు చూడమని అడగండి. ముక్కుపట్టీ కింద ముక్కు ఎముక మీద రెండు వేళ్లు పట్టాలి. కొన్ని గుర్రాలకు బిట్ లేని కళ్ళేలే నప్పుతాయి. దూరప్రయాణ పోటీల్లో వాటిని వాడేవాళ్లూ ఉన్నారు.

మన పూర్వీకులకు గుర్రాల విలువ బాగా తెలుసు. విజయనగర కాలంలో ఈ గల్ఫ్ సముద్రం నుంచే, హోర్ముజ్ మీదుగా గుర్రాలు ఓడల్లో మన తీరాలకు వచ్చేవి. రేవుల్ని బాగా చూసుకుని గుర్రాలు వచ్చేలా చేయమని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పాడు. మనుమంచి భట్టు తెలుగులో గుర్రాల మీద 'హయలక్షణ విలాసము' అనే శాస్త్రగ్రంథమే రాశాడు.

డబ్బు కట్టి నేర్పించుకుంటున్నాం కదా, వాళ్లకు తెలియదా అని నేను ఊరుకున్నాను. రెండు క్లాసులు ఊరుకోవడం వల్ల ఆ మూగజీవి నొప్పి భరించింది, పాప ప్రాణం మీదికి వచ్చేది. అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదండీ.

ఇప్పుడు ఆ గుర్రానికి మామూలు స్నాఫిలే వేస్తున్నారు. తల ఎగరేయడం తగ్గింది. పాప మూడు వారాలు ఎక్కనంది. పోయిన శనివారం తనే బిట్‌ను నీళ్లతో కడిగి, అరచేతిలో పట్టుకుని చూసి, "ఇప్పుడు వేడిగా లేదమ్మా" అంది.